ఉత్తుత్తి ఇటుక స్తంభం: ఫ్లెక్సా, థర్మోకోలా, అట్టా, సన్‌బోర్డా?

వినాయక చవితి మొదలుకుని సంక్రాంతి దాకా ఒడిశాలో పర్లాకిమిడి, బరంపురం, రాయగడ వైపు మన తెలుగువాళ్లలో ఎవరో ఒకరికి ఉత్తుత్తి ఇటుక స్తంభం అవసరం పడుతూనే ఉంటుంది. పందిరి ద్వారానికి రెండు కావాలంటారు, స్కూలు వార్షికోత్సవంలో జమీందారు ఇంటి వసారాకి నాలుగు కావాలంటారు, పెళ్లివాళ్లు ఫొటోలు దిగడానికి పాత కోటలాంటిది ఏదైనా నిలబెట్టమంటారు. నిజం ఇటుకలతోనే కడదాం అనే ఉత్సాహవంతులు ఒకరిద్దరు ప్రతి కమిటీలోనూ ఉంటారు కానీ, 8 అడుగుల ఎత్తు, 13.5 అంగుళాల మందం ఉన్న ఇటుక స్తంభం ఒక్కటి సుమారు అర టన్ను తూగుతుందని చెప్తే ఊరుకుంటారు. ఆ తర్వాత ప్రశ్న మామూలే: మరి దేనితో చేద్దాం?

దానికి జవాబు చెప్పేముందు నేను మూడు సంగతులు అడుగుతాను. చూసేవాళ్లు ఎంత దూరంలో ఉంటారు, ఎన్ని వైపుల నుంచి చూస్తారు, వాన పడే చోట పెడతారా. ఈ మూడూ తేలితే సరుకు ఏదో దాదాపు తేలిపోయినట్టే. చాలామంది సరుకు మంచిదైతే స్తంభం నిజంలా వస్తుందనుకుని ఖరీదైన షీట్లు కొనేస్తారు. ఇటుకలా కనిపించడం అనేది మూలల దగ్గర ఇటుకలు ఎలా తిరిగాయి, సందుల్లో నీడ పడుతోందా, రంగు ఒకే పూతలా ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది, అది అట్టపెట్టెతోనైనా వస్తుంది, అది తెలియకపోతే ఏ షీట్ కొన్నా రాదు.

ఎన్ని వైపులు అన్నది మన ప్రాంతంలో మరీ ముఖ్యం. తెలుగు నాటకం అయితే జనం ఎదురుగా కూర్చుంటారు, స్తంభానికి ముందు ముఖం, కాస్త పక్క ముఖం చేస్తే చాలు, వెనక ఖాళీ రీపర్లు (సన్న చెక్క పట్టీలు) కనిపించినా అడిగేవాడు లేడు. ఒడియా జాత్రా వేదిక అలా కాదు, చుట్టూ తెరిచి ఉంటుంది, మూడు నాలుగు వైపుల నుంచీ జనం చూస్తారు. ఒకే కుర్రాళ్లు రెండింటికీ పనిచేస్తున్న ఊళ్లలో, తెలుగు నాటకానికి చేసిన రెండు ముఖాల స్తంభాన్ని జాత్రాకి అడిగి తీసుకెళ్తే పరువు పోతుంది. ముందే అనుకోండి. నాలుగు ముఖాలూ కావాలంటే పని దాదాపు రెట్టింపు, అప్పుడు చౌకగా, తొందరగా అయ్యే సరుకే నయం.

ముందుగా ఫ్లెక్సు, ఎందుకంటే అందరూ మొదట వెళ్లేది అక్కడికే. ఫ్లెక్సు షాపులో ఇటుక గోడ బొమ్మ ప్రింటు తీయించి చెక్క ఫ్రేముకి చుట్టేస్తే గంటలో స్తంభం రెడీ, వానకి తడవదు, మడిచి దాచుకోవచ్చు. 40 అడుగుల దూరంలో, రాత్రిపూట, రంగుల లైట్ల మధ్య అయితే ఇది సరిపోతుంది, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజాలవాళ్లు రాసిన పరదాల మీదే రాజమహళ్లు చూపించారు, చదునైన బొమ్మతో జనాన్ని నమ్మించడం మనకి కొత్త విద్యేం కాదు. కాకపోతే ఫ్లెక్సుకి రెండు రోగాలు. ఒకటి మెరుపు, లైటు పడగానే నిలువునా తెల్లటి చార మెరుస్తుంది. రెండోది, బొమ్మలో నీడలు అప్పటికే ప్రింటై ఉంటాయి. బొమ్మలో వెలుగు ఎడమ నుంచి వచ్చి, మీ లైటు కుడి వైపు ఉంటే, చూసేవాళ్లకి ఎందుకో చెప్పలేరు గానీ ఏదో తేడాగా ఉందని తెలిసిపోతుంది. ఫ్లెక్సే ఖాయం అనుకుంటే నీడలు బాగా తక్కువ ఉన్న బొమ్మ ఎంచుకోండి, మెరుపు లేని రకం ఉందేమో షాపులో అడగండి, లేకపోతే పల్చటి డిస్టెంపరు నీళ్లలో స్పాంజి ముంచి పైన అద్దండి. ఇంకో మాట, బొమ్మలో ఇటుక సైజు చూసుకోండి, 9 అంగుళాల ఇటుక ప్రింటులో అడుగున్నర పొడుగు వచ్చిందంటే పక్కన నిలబడ్డ మనిషి పిల్లాడిలా కనిపిస్తాడు.

థర్మోకోల్ గురించి అందరూ అడుగుతారు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. పనికి దీన్ని మించింది లేదు, కాదనను. తేలిక, కత్తికి లొంగుతుంది, సన్నటి నిక్రోమ్ తీగ (హీటర్లలో ఉండే రకం) వేడి చేసి సందులు గీస్తే నిమిషాల్లో ఒక ముఖం పూర్తవుతుంది, వైరు బ్రష్షుతో రుద్దితే ఇటుక గరుకుదనం కూడా వస్తుంది. కానీ 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధించిన ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో అలంకరణకి వాడే థర్మోకోల్ పేరు పెట్టి మరీ ఉంది. తయారీ, నిల్వ, అమ్మకం, వాడకం అన్నీ అందులోకే వస్తాయి. మహారాష్ట్రలో అయితే 2018 మార్చి నోటిఫికేషన్‌తోనే థర్మోకోల్ అలంకరణలకి చెల్లు, సిరొంచ, నాందేడ్ వైపు మనవాళ్లకి ఇది పాత కబురే. ఇంకా కొన్ని షాపుల్లో వెనక గదిలోంచి తీసి ఇస్తారు, నిజమే, కానీ ఊరంతా వచ్చే పందిరి ముందు ఎనిమిదడుగుల ఎత్తున నిషేధించిన సరుకు నిలబెట్టడం ఏం తెలివి? కొందరు నీలం రంగు గట్టి ఫోమ్ బోర్డు ఉంది కదా అంటారు. అది థర్మోకోల్ కంటే బాగా చెక్కుడు పడుతుంది, మన ఊళ్లలో తేలిగ్గా దొరకదు, పైగా అదీ పాలీస్టైరీనే.

ఇంట్లో టీవీకో ఫ్రిజ్‌కో ప్యాకింగుగా వచ్చిన థర్మోకోల్ ముక్కలు ఎలాగూ పడి ఉన్నాయి, పిల్లాడి స్కూలు ప్రాజెక్టుకి చిన్న స్తంభం చేస్తానంటే మాత్రం ఈ జాగ్రత్తలు తెలిసి ఉండాలి. థిన్నరు కలిసే పెయింట్లు, స్ప్రే డబ్బాలు, టైర్ల పంక్చర్లకి వాడేలాంటి రబ్బరు జిగుర్లు దీన్ని తినేస్తాయి, కళ్ల ముందే గుంటలు పడిపోతుంది. నీళ్లలో కలిసే డిస్టెంపరు, మామూలు తెల్ల ఫెవికాల్ అయితే ఏమీ కాదు, కానీ రెండు షీట్ల మధ్య ఫెవికాల్‌కి గాలి తగలక ఎండడానికి చాలాసేపు పడుతుంది, కాబట్టి ఈలోగా అగ్గిపుల్లలో చీపురు పుల్లలో గుచ్చి ఉంచండి. వేడి తీగతో కోసేటప్పుడు వచ్చే పొగ మంచిది కాదు, వరండాలోనో పెరట్లోనో కొయ్యండి. 100 డిగ్రీల దగ్గరికే మెత్తబడిపోయే సరుకు ఇది. అంటుకుంటే కరిగి మండుతూ చుక్కలు చుక్కలుగా కారుతుంది, నల్లటి పొగ కక్కుతుంది. హారతి పళ్లేలు, సీరియల్ లైట్లు ఉన్న చోట దీని పేరే ఎత్తొద్దు.

నా ఓటు చాలా సందర్భాల్లో అట్టకే. పేదసరుకు అని చిన్నచూపు చూస్తారు గానీ, లోపల జరిగే ప్రోగ్రాములకి, పిల్లలు మోసుకెళ్లే వాటికి, నాలుగు ముఖాలూ కావాల్సిన వాటికి దీన్ని కొట్టేది లేదు. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ పెట్టెలు ఎలక్ట్రానిక్స్ షాపువాళ్లు అడిగితే ఇచ్చేస్తారు. పలాస, కాశీబుగ్గ వైపు చుట్టాలుంటే జీడిపప్పు ప్యాకింగు పెట్టెలు కూడా కావలసినన్ని. పెద్ద పెట్టెతో నాలుగు పలకల గొట్టం చేసి, లోపల మూలల్లో వెదురు బద్దలో అంగుళం రీపర్లో నిలబెట్టాలి, రెండడుగులకొకటి చొప్పున లోపల అడ్డంగా చదరపు అట్ట బిగించాలి. ఆ అడ్డ అట్టలు లేకపోతే స్తంభం మధ్యలో కడుపు ఉబ్బుతుంది, ఎంత బాగా రంగేసినా ఆ పొట్ట చూసి జనం నవ్వుతారు.

ఇటుకలు విడిగా కోసి అతికించాలి. మందపాటి, అంటే ఐదు పొరల అట్ట ఒకటి వేస్తే అర సెంటీమీటరు పైన ఎత్తు వస్తుంది, పదిహేను అడుగుల అవతల చూసేవాళ్లకి ఆ నీడ సరిపోతుంది. ఫొటోలు దిగేవాళ్లు పక్కనే నిలబడతారనుకుంటే అలాంటి అట్టలు రెండు ఒకదాని మీద ఒకటి వెయ్యండి. కోసిన అంచుల్లో అట్ట లోపలి వంకులు కనిపిస్తాయి చూశారూ, అదే దొంగని పట్టించేది. పాత పేపరు చింపి మైదా జిగురుతో ఆ అంచుల మీదుగా అంటించెయ్యాలి, చింపాలి, కత్తిరించకూడదు, చిరిగిన అంచు అతుకు కనిపించనివ్వదు. పైన ఫెవికాల్‌లో సన్న ఇసుక కలిపి అక్కడక్కడ పూస్తే గరుకుదనం వస్తుంది. రంగు వేసేముందు ఫెవికాల్ నీళ్లు ఒక చేయి పుయ్యండి, లోపలి వైపు కూడా, ఒక్క వైపే తడిస్తే అట్ట వంకరపోతుంది.

కోడిగుడ్ల ట్రేలు నానబెట్టి, గుజ్జు చేసి, అచ్చులో నొక్కి ఇటుకలు తీసే పద్ధతి కూడా ఉంది. ఇటుక ముఖం ఇందులో వచ్చినంత సహజంగా ఇంకెందులోనూ రాదని ఒప్పుకుంటాను. కానీ వానాకాలంలో మన వైపు అవి ఎండవు, ఎండేలోపు బూజు పడతాయి. ఎండాకాలంలో చేసి దాచుకోగలిగే ఓపిక ఉన్నవాళ్లకే ఇది.

అట్టకి శత్రువు వాన. బయట పెట్టే స్తంభానికి అట్ట వద్దు, ప్లాస్టిక్ కవరు కప్పుతాం లెండి అనే మాట నమ్మొద్దు. మన తీరంలో దసరా రోజులంటే గాలివానల రోజులు కూడా. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది సరిగ్గా దుర్గా పూజల్లోనే, 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాని అతలాకుతలం చేసింది నవరాత్రులు మొదలైన వెంటనే. అంత తుఫాను రాకపోయినా, ఒక రాత్రి జల్లు చాలు అట్ట స్తంభం కాళ్లు నానిపోవడానికి.

బయటికైతే సన్‌బోర్డు. ఫ్లెక్సు షాపువాళ్లు బోర్డులు కోయగా మిగిలిన ముక్కలు మూల పడేసి ఉంచుతారు, పీవీసీ ఫోమ్ అది, నీళ్లు తాగదు, కట్టరుతో కోసుకోవచ్చు, సింథటిక్ రబ్బరు జిగురుతో అంటుకుంటుంది. ఇటుకలకి చిన్న ముక్కలే కావాలి కాబట్టి పెద్ద షీట్ కొనాల్సిన పని లేదు, ఆ మిగులు ముక్కలు బేరమాడి తెచ్చుకుంటే చాలు. వెనక గొట్టానికి మాత్రం పల్చటి ప్లైవుడ్డో, కనీసం పాత ఫ్లెక్సు బిగించిన రీపర్ల ఫ్రేమో కావాలి. దీని లోపం ఏంటంటే మరీ నున్నగా ఉంటుంది, రంగు ఊడిపోతుంది. గరుకు కాగితంతో బాగా రుద్ది, ప్రైమరు వేసి, తడి ప్రైమరు మీదే సన్న ఇసుక చల్లితే ఆ రెండు బాధలూ తీరతాయి. మండుటెండలో కాస్త వంగే గుణం ఉంది, కాబట్టి పెద్ద పలకగా కాకుండా చిన్న ముక్కలుగా వాడితేనే మంచిది. మిగిలిన తుక్కు మాత్రం చలిమంటలో వెయ్యకండి, పీవీసీ పొగ గొంతు పట్టేస్తుంది.

ఆన్‌లైన్‌లో దొరికే ఫోమ్ ఇటుక స్టిక్కర్ల సంగతి. వెనక కాగితం పీకి అంటించేయడమే, పనివాడు అక్కర్లేదు, గది గోడకి బాగానే ఉంటాయి. స్తంభానికి వద్దంటాను. మూల దగ్గర మడిస్తే ఇటుక అక్కడే తెగిపోయి పక్క ముఖంలో సగం ముక్కతో మొదలవుతుంది, అన్ని వరసల్లోనూ అలాగే. పైగా ప్రతి షీట్‌లో అవే గీతలు, అవే గుంటలు. సెల్‌ఫోన్ ఫొటోలో ఇది ఇట్టే దొరికిపోతుంది. తప్పదంటే ఇటుకలు విడివిడిగా కత్తిరించి, కింద చెప్పబోయే పద్ధతిలో మళ్లీ పేర్చుకోండి, అప్పుడు బ్రహ్మాండంగా పనికొస్తాయి.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ మాట ఎత్తేవాళ్లకి ఒకటే చెప్తాను, బరువు, అంచులు పెచ్చులు, కదిపితే చీలిక. ఎక్కడ చేశారో అక్కడే ఉండిపోయే సెట్టుకైతే సరే. చేతిపనుల షాపుల్లో దొరికే రంగురంగుల ఈవా ఫోమ్ షీట్లు కిరీటాలకీ కవచాలకీ బాగుంటాయి, ఎనిమిదడుగుల స్తంభానికి కొంటే మాత్రం జేబు ఖాళీ.

ఇక అసలు కిటుకు, మూలలు. ఏ సరుకు ఎంచుకున్నా ఇది సరిగా లేకపోతే పనంతా దండగ. మన పాత ఇటుక 9 అంగుళాల పొడుగు, నాలుగున్నర వెడల్పు, 3 ఎత్తు. కొలతల ప్రమాణం ప్రకారం చేసేది 190 × 90 × 90 మిల్లీమీటర్లు. పాతకాలం స్తంభం అయితే మొదటిదే వాడండి, చూసే కంటికి అదే అలవాటు. సందు 10 మిల్లీమీటర్లు. సందుతో కలిపి ఒక్కో వరస దాదాపు 3.4 అంగుళాలు, 8 అడుగుల స్తంభానికి 28 వరసలు వస్తాయి.

తాపీ మేస్త్రీ తొమ్మిదంగుళాల స్తంభం కట్టేటప్పుడు ఒక వరసలో రెండు ఇటుకలు పక్కపక్కన పెడతాడు, పై వరసలో వాటిని అడ్డం తిప్పుతాడు. అందుకని ఏ ముఖం చూసినా ఒక వరసలో ఒక నిండు ఇటుక, దాని పైన రెండు పొట్టి చివరలు, మళ్లీ నిండు ఇటుక, ఇలా పోతుంది. ముందు ముఖంలో నిండు ఇటుక ఉన్న వరసలో పక్క ముఖంలో తప్పకుండా రెండు చివరలే ఉండాలి. పదమూడున్నర అంగుళాల స్తంభం అయితే ప్రతి ముఖంలోనూ ప్రతి వరసలోనూ ఒక నిండు ఇటుక, ఒక పొట్టి చివర, వరస మారేకొద్దీ అవి ఎడమ కుడి మారతాయి. సందు కలుపుకుంటే ముఖం 14 అంగుళాలు వస్తుంది, కంగారుపడకండి. ఏ మూలైనా పట్టుకోండి, ఒక పక్క పొడుగు కనిపిస్తే రెండో పక్క పొట్టిది కనిపించాలి, ఎందుకంటే రెండూ ఒకే ఇటుకకి పక్కా, చివరా. ఈ ఒక్క నియమం తప్పితే కారణం చెప్పలేని వాడికి కూడా ‘ఇది స్టిక్కర్’ అనిపిస్తుంది.

లెక్క కూడా ఇచ్చేస్తాను. పద్నాలుగు అంగుళాల ముఖాలు నాలుగూ చేస్తే పొడుగు ముక్కలు 112, పొట్టివి 112. తొమ్మిదంగుళాల స్తంభానికి పొడుగువి 56, పొట్టివి 112, అందులో పొట్టి ముక్క నాలుగున్నర కంటే రవ్వంత తగ్గించాలి, మధ్యలో సందు పట్టాలి కదా. అన్నీ కత్తి గీసినట్టు తిన్నగా ఉండకూడదు. పది ముక్కల్లో ఒకటి రెండిటికి మూల విరవండి, ఒకటి రెండు కాస్త వంకరగా అంటించండి, కానీ వరసలు మాత్రం మట్టం తప్పకూడదు. పాత గోడలో ఇటుక అరిగి ఉంటుంది, వరస వాలిపోయి ఉండదు.

ఇంత కోత ఎవడు కోస్తాడు అనుకునేవాళ్లకి మంచి దారి ఉంది. స్తంభం మొత్తం ఇటుకలు చూపించకండి. పర్లాకిమిడి పాత వీధుల్లో, ఏ జమీందారీ ఊళ్లోనైనా, పాతకాలపు ఇళ్ల స్తంభాలు గమనించండి, సున్నం పూత మీద పూత ఉంటుంది, అక్కడక్కడ పెచ్చులూడి ఇటుకలు బయటపడి ఉంటాయి. అలా చేస్తే ఇటుకలు రెండు మూడు చోట్ల గుంపులుగా అంటిస్తే చాలు, మిగతా అంతా వాల్ పుట్టీ, పైన మాసిన తెల్ల సున్నం. పని సగానికి పైగా తగ్గుతుంది, చూడ్డానికి పూర్తి ఇటుక స్తంభం కంటే ఇదే ఎక్కువ నమ్మకంగా ఉంటుంది. పెచ్చు అంచు మాత్రం ఇటుక కంటే ఎత్తుగా ఉండాలి, పూత ఇటుక మీద ఉంటుంది గనక. పెచ్చులు ఊడేది ఎక్కువగా అడుగున, మూలల్లో, నడుము ఎత్తున జనం ఆనుకునే చోట. నడిమధ్యన గుండ్రంగా ఒక మచ్చ వదిలితే మాత్రం పటం కట్టినట్టు ఉంటుంది.

రంగు దగ్గరికొస్తే, డబ్బాలోంచి ఎర్ర పెయింటు తీసి నేరుగా వేసేవాళ్లని ఆపండి. ముందు స్తంభం మొత్తం సందుల రంగు వెయ్యాలి, సిమెంటు కట్టుబడి అయితే బూడిద రంగు, పాత సున్నం కట్టుబడి అయితే మురికి మీగడ రంగు. అది ఆరాక చిన్న రోలరుతోనో స్పాంజితోనో ఇటుకల మీద మాత్రమే ఎరుపు, పైపైన, సందుల్లోకి దిగకుండా. ఆ ఎరుపు కూడా మూడు గిన్నెల్లో మూడు రకాలు: జేగురు రంగు, అందులోనే కాస్త పసుపుపచ్చ కలిపిన నారింజ ఛాయ, కాస్త నలుపు కలిపిన ముదురు గోధుమ ఛాయ. బట్టీలో సరిగా కాలని ఇటుక మొదటి రెండో ఛాయల మధ్యన ఉంటుంది, మరీ కాలింది నల్లబడుతుంది, నిజం గోడలో రెండూ కలిసే ఉంటాయి. వాటిని ఒకటి విడిచి ఒకటి పెడితే చదరంగం బల్ల అవుతుంది, రెండు మూడు ఒకే రంగువి పక్కపక్కన పడనివ్వండి. చివర్లో నల్ల గోధుమ రంగు బాగా నీళ్లగా కలిపి మొత్తం పూసి, వెంటనే తడిగుడ్డతో తుడిచెయ్యాలి, సందుల్లో మిగిలింది నీడ అవుతుంది. స్తంభం కింది భాగంలో ఒకటి రెండు అడుగుల మేర పొడి సున్నం గుడ్డతో రుద్దితే ఇటుకలోంచి ఉప్పు తేలినట్టు ఉంటుంది, దాని కింద మన ఎర్రమట్టే నీళ్లలో కలిపి బ్రష్షుతో చిమ్మండి, వాన చినుకులు నేల మీద పడి ఎగిరిన మరకల్లా. వార్నిష్ మాత్రం పొరపాటున కూడా వద్దు. బయట పెట్టేదానికి కాపు కావాలంటే మెరుపు లేని ఎక్స్‌టీరియర్ ఎమల్షనే వాడండి.

మీది ఈ మధ్య కట్టిన ఇంటి సీను అయితే ఎరుపు కూడా అక్కర్లేదు, ఇప్పుడు మన వైపు గోడల్లో సగం ఫ్లై యాష్ ఇటుకలే, బూడిద రంగు. అదైతే పని ఇంకా తేలిక, రంగు తేడాలు తక్కువ, అంచులు పదును. ఇరవై ఏళ్ల కిందటి పల్లెటూరి ఇల్లు చూపిస్తూ బూడిద ఇటుక పెట్టకండి అంతే.

లైటు గురించి ఒక్క మాట. ఎంత లోతు సందులు చేసినా ఎదురుగా ఫోకస్ లైటు కొడితే చదునైపోతుంది. పక్క నుంచి, స్తంభానికి దగ్గరగా ఒక్క లైటు పెట్టించుకోండి. అది కుదరని చోట, లైటు మీ చేతిలో లేని చోట, లోతుగా చెక్కే శ్రమ పెట్టుకోకుండా సందుల్లో పై అంచున ముదురు గీత బ్రష్షుతో గీసేసుకోవడమే మేలు.

నిలబెట్టడం చాలామంది ఆఖరి నిమిషానికి వదిలేస్తారు. తేలిక స్తంభం అంటే గాలికి పడిపోయే స్తంభం అనే అర్థం. అడుగున కింది రెండు మూడు వరసలు రెండేసి అంగుళాలు బయటికి పెంచితే పీఠంలా ఉంటుంది, లోపల ఇసుక బస్తా పెట్టడానికి చోటూ దొరుకుతుంది. పైన కూడా అలాగే రెండు వరసలు బయటికి తెస్తే చూడ్డానికి నిండుగా ఉంటుంది, పై అతుకు కనిపించదు. బయట అయితే ఇసుక చాలదు, లోపలి రీపర్లని పందిరి రాటకి బైండింగ్ వైరుతో కట్టెయ్యాల్సిందే. పిల్లల ప్రోగ్రాములో స్తంభానికి ఆనుకుని ఎవడో ఒకడు డైలాగు చెప్తాడు, అది ఖాయం, దానికి తగ్గట్టు బిగించండి.

మోసుకెళ్లే సంగతి కూడా ఎంపికలో భాగమే. ఎనిమిదడుగుల స్తంభం ఆటోలో పట్టదు. నాలుగడుగుల చొప్పున రెండు ముక్కలుగా చేసి, ఒక వరస సందు దగ్గర విడగొడితే అతుకు ఎవరికీ కనిపించదు, పై ముక్క అడుగున గొట్టంలా కొంత పొడుగు ఉంచి కింది ముక్కలోకి దించెయ్యొచ్చు. అట్ట, సన్‌బోర్డు రెండూ ఇలా చేసుకోవచ్చు, ప్లాస్టర్‌కి ఈ సౌకర్యం లేదు.

ఒక ప్రత్యేకమైన కేసు ఉంది, గంజాం వైపు ప్రహ్లాద నాటకం ఆడే ఊళ్లవాళ్లకి బాగా తెలుసు: స్తంభం బద్దలై నరసింహుడు బయటికి రావాలి. దీనికి పైన చెప్పిన ఎంపికలన్నీ తిరగబడతాయి. గట్టి సరుకంతా పనికిరాదు. లోపల మనిషి కూర్చునేంత వెదురు ఫ్రేము, మూడు వైపులా అట్ట, ముందు ముఖం మాత్రం పల్చటి పేపరు ఒకటి రెండు పొరలు, మైదా జిగురు తక్కువగా, వెనక నుంచి బ్లేడుతో అడ్డదిడ్డంగా సగం లోతు గాట్లు. ఇటుకలు పేపరు మీద రంగుతోనే వెయ్యాలి, లేదా తేలికపాటి గుడ్ల ట్రే ముక్కలు విడివిడిగా చుక్క జిగురుతో నిలబెట్టాలి, ఎగిరి పడేటప్పుడు ఎవరికీ తగలకూడదు. గాలి ఆడడానికి వెనక పైభాగం తెరిచి ఉంచండి, వేషం మీద వేషం వేసుకుని లోపల ఎంతసేపు కూర్చోవాలో ఆ మనిషికే తెలుస్తుంది. వెదురు కోసిన చివరలకి గుడ్డ చుట్టండి. దగ్గర్లో దివిటీలు, బాణసంచా ఉంటే బకెట్ నీళ్లు తెర వెనక ఉండాల్సిందే.

ఇక వచ్చే ఏడాదికి దాచుకునే ఆలోచన ఉంటే, మైదా జిగురు వాడిన స్తంభం ఎలుకలకీ చెదలకీ విందు. జిగురు ఉడికేటప్పుడు కొంచెం మైలతుత్తం కలపడం పుస్తకాలు బైండు చేసేవాళ్లు పాతకాలం నుంచీ చేసే పని, పురుగు పట్టదు. అది విషం, ఆ గిన్నె వంటింట్లోకి తేకండి, పిల్లల చేత ఆ జిగురు పూయించకండి. నేల మీద కాకుండా అటక మీదో, రెండు ఇటుకల ఎత్తులోనో, నిలువుగా పెట్టండి. పడుకోబెట్టి పైన సామాన్లు పేరిస్తే అట్ట స్తంభం నొక్కుకుపోతుంది. సన్‌బోర్డు స్తంభానికి ఈ బాధలేవీ లేవు, ఏటా వాడాలనుకునే కమిటీలు మొదట్లో కాస్త ఎక్కువ ఖర్చయినా దానికే వెళ్లడం మంచిది. ఒక్క రాత్రి ప్రోగ్రాముకి మాత్రం అట్టపెట్టెలు ఏరుకోవడమే.